రెండిళ్ల నీళ్లు

మార్చి 4, బుధవారం

నోటీసు వచ్చింది. ఒకే కాగితం మీద రెండిళ్ల నంబర్లు.

అక్కకు కోపం వచ్చింది నోటీసు వచ్చినందుకు కాదు, తన నంబరు పక్కన నా నంబరు ఉన్నందుకు. నాకు వేరే కాగితం ఇవ్వండి, ఆ ఇంటితో కలిపి ఇస్తే తీసుకోను అని గేటు దగ్గర నిలబడి ఇన్‌స్పెక్టర్‌తో వాదించింది. మాటలు ఆయనతో, గొంతు మాత్రం నా కిటికీకి. ఆయన ఆరోగ్య విభాగం మనిషి. గేటు తెరవకముందే గాలి పీల్చి తల అడ్డంగా ఊపుతాడు కాబట్టి మా వీధిలో ఆయన పేరు ముక్కు.

అక్క అంటే నా తోటికోడలు. అన్నదమ్ములవి పక్కపక్క ఇళ్లు. మధ్యన నడుమెత్తు గోడ. వెనకాల రెండిళ్లకూ కలిపి ఒకటే సెప్టిక్ ట్యాంక్, మామయ్యగారి కాలం నాటిది. రెండేళ్ల కిందట అది పొంగి, అక్క పెరట్లో నర్సరీ నారంతా కుళ్లిపోయింది. మీ ఇంట్లో నీళ్ల వాడకం ఎక్కువని ఆమె. మీ నర్సరీ మట్టి దిగి ట్యాంక్ పూడిందని నేను. ఆ రోజు నుంచి మా మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. భగ్గుమనడానికైనా మాటలుండాలి, అవీ లేవు.

నోటీసులో సంగతి ఇది. ట్యాంక్ నుంచి పొర్లే నీళ్లు వెనక కాలువ గుండా వాగులో కలుస్తున్నాయి. ఆగస్టు నెలాఖరులోగా ఆ నీళ్లు పరిమితికి లోబడి ఉండాలి. లేకపోతే రెండిళ్లకూ నీళ్ల కనెక్షన్ కట్. కనెక్షన్ పోతే అక్క నర్సరీ కూడా పోయినట్టే. మా వీధి పల్లంలో ఉంది, డ్రైనేజీ లైను ఇటు రాదని ఎప్పుడో తేల్చేశారు.

నేను పనిచేసేది నీళ్ల పరీక్షల ల్యాబ్‌లో. ఊళ్లో అందరి నీళ్లకూ మార్కులు వేసేది నేనే.

మార్చి 5, గురువారం

ల్యాబ్‌లో అందరికీ తెలిసిపోయింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మార్చి 8, ఆదివారం

అత్తయ్య సభ పెట్టారు. ఆవిడ ఒక నెల మా ఇంట్లో, ఒక నెల వాళ్లింట్లో ఉంటారు. గోడ దాటే హక్కు ఈ వంశంలో ప్రస్తుతం ఆవిడకొక్కరికే ఉంది. ట్యాంక్ పక్కన కుర్చీ వేయించుకుని అందర్నీ పిలిచారు.

నేను చెప్పాను. ట్యాంక్ తర్వాత తొడల లోతు గుంట తవ్వాలి. అడుగున నీళ్లు ఇంకని షీటు పరిచి, కంకర నింపి, అందులో నీటిమొక్కలు నాటాలి. మురుగు కంకర లోపలే, పైకి కనపడకుండా, ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా పాకుతుంది. కంకరకూ వేళ్లకూ జిగురులా పట్టే సూక్ష్మజీవులు మురికిని తింటాయి. వాటికి గాలి అందించేది మొక్కల వేళ్లు. ట్రైనింగ్‌లో ఒకసారి చూశాను, పనిచేస్తుంది.

అక్క నాతో మాట్లాడదు కదా. ఏం మొక్కలట అడగండి అత్తయ్యా, అంది. జమ్ము అని చెప్పండి అత్తయ్యా, అన్నాను. జమ్ము ఒక్కటేనా, చాపలు అల్లుకోవడానికా అని అడగండి, అంది. ట్రైనింగ్‌లో జమ్మే వేశారని చెప్పండి, అన్నాను. నా దగ్గర మెట్టతామర బోలెడుంది, బురదలో పడేసినా రాజాలా పెరుగుతుంది, పూలు కూడా పూస్తుంది, మొత్తం అదే వేద్దామని చెప్పండి, అంది. అత్తయ్య మెడ అటూ ఇటూ తిప్పీ తిప్పీ, నేనేమన్నా టెలిఫోన్ స్తంభాన్నటే? అని లేచిపోయారు.

చివరికి తేలిందేమిటంటే, గుంట ఒకటే. మధ్యలో ఇటుకలు పేర్చి రెండు సగాలు. నా సగంలో జమ్ము, ఆమె సగంలో మెట్టతామర. ఎవరి వైపు నీళ్లు శుభ్రంగా వస్తే వాళ్లది గెలుపు.

రెండు కొప్పులు ఒకచోట ఇమడవంటే వంటింటి సంగతేమో అనుకున్నా, మురుగ్గుంటలో కూడానటే, అన్నారు అత్తయ్య.

మార్చి 15, ఆదివారం

తవ్వకం మొదలైంది. మా ఆయన, బావగారు చొక్కాలు విప్పి గునపాలు పట్టారు. రెండేళ్లుగా మాటల్లేని అన్నదమ్ములు ఇంత తేలిగ్గా పని పంచుకోవడం నాకు వింతగా ఉంది. కాసేపయ్యాక బావగారు, నిన్న చెప్పిన జోకు మళ్లీ చెప్పరా, అన్నారు. నిన్నా? మా ఆయన గునపం కింద పెట్టి నీళ్లు నమిలాడు. సందు చివర టీ కొట్లో రోజూ కలుస్తున్నారట. రెండేళ్లుగా. మేమిద్దరమే ఇక్కడ యుద్ధం చేస్తున్నాం, సైన్యం ఎప్పుడో ఇంటికి వెళ్లిపోయింది.

ట్యాంక్ మూత కూడా తెరిచాం. పూడిక తీసే లారీ వచ్చింది. లోపల ఒక అర నిండా నర్సరీ మట్టి. ఇంకో అరలో మా వంటింటి నూనె, అరచేయంత మందాన గడ్డకట్టి ఉంది. అక్క మట్టిని చూసింది. నేను నూనెను చూశాను. ఇద్దరం చెరో పక్కకు తిరిగి చాలా పనున్నట్టు నడిచాం.

మార్చి 29, ఆదివారం

బావగారు కంకర లారీ నడుపుతారు కాబట్టి కంకరకు కరువు లేదు. కడగడమే చావు. ఇంటిల్లిపాదీ పొద్దున్నుంచి జల్లెళ్లు పట్టుకుని కడిగాం. చేతులు తోలు ఊడిన బంగాళాదుంపల్లా ఉన్నాయి.

మా ఆయన వెల్డింగ్ పని చేసే మనిషి. వాలు చూడ్డానికి పారదర్శకంగా ఉండే ట్యూబులో నీళ్లు నింపి ఒక చివర నేను, ఒక చివర తాను పట్టుకున్నాడు. నీళ్లకు అబద్ధం చేతకాదు, అన్నాడు. బయటకు పోయే పైపుకు తిప్పుకునే వంపు పెట్టాడు. దాన్ని పైకి లేపితే గుంటలో నీటిమట్టం పెరుగుతుంది, వంచితే తగ్గుతుంది. మట్టం ఎప్పుడూ కంకర కింద నాలుగు వేళ్ల లోతులోనే ఉండాలి. అప్పుడు వాసనా ఉండదు, దోమలూ రావు.

శాంపిళ్ల కోసం చిల్లుల పైపులు మూడు నిలబెట్టాను. నా సగంలో ఒకటి, ఆమె సగంలో ఒకటి. మూడోది మిగిలిపోయింది కాబట్టి మధ్య ఇటుకల పక్కన గుచ్చేశాను.

ఏప్రిల్ 5, ఆదివారం

నాటాం. నావి వరసలు. నూలు కట్టి, కొలిచి నాటాను. అక్క కొలవలేదు, చేతికి వచ్చినట్టు దుంపలు గుచ్చుకుంటూ పోయింది. అయినా ఆమెవే నిటారుగా నిలబడ్డాయి.

ఏప్రిల్ 6, సోమవారం

నాలుగు మొక్కలు పడిపోయాయి. నాలుగూ నావే. గోడ అవతల ఎవరో నవ్వారు. దగ్గు అనుకున్నాను.

మే 3, ఆదివారం

ఆమె సగం పూసింది. ఎరుపు, పసుపు. వెనక సందులో పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. ఇది మురుగ్గుంట అంటే నమ్మడం లేదు. నా జమ్ము నా ఎత్తు పెరిగింది. దాన్ని చూడ్డానికి ఎవరూ ఆగడం లేదు.

నీళ్లు ముఖ్యం. పూలు కాదు.

మే 20, బుధవారం

మొదటి రిజల్ట్. ట్యాంక్ నుంచి వచ్చే నీళ్ల బీఓడీ, అంటే నీళ్లలో మురికి ఎంతుందో చెప్పే అంకె, 186. నా సగం దాటాక 71. ఆమె సగం దాటాక 78. పరిమితి 30.

అంకె తగ్గితే మంచిదా పెరిగితే మంచిదా అని అడిగారు అత్తయ్య. జ్వరం లెక్కే, తగ్గాలి అన్నాను. అయితే ఇద్దరికీ ఒళ్లు కాలుతోందన్నమాట, అన్నారు. నాది ఏడు తక్కువ అత్తయ్యా, ఆ మాట అక్కకు చెప్పండి, అన్నాను. చెప్పి వచ్చారు. ముప్పైకి ఇంకా మైలు దూరం ఉంది, ఏడుకే ఎగరొద్దని చెప్పమందట.

నిజమే. అది ఆమెతో చెప్పను.

జూన్ 4, గురువారం

జమ్ముకు పేనుబంక పట్టింది. ఆకుల నిండా నల్లగా, జిగటగా. ఒక మొక్కకు మొదలై వారం తిరగకుండా వరస వరసంతా పాకింది. మరి అన్నీ ఒకటే కదా, అడ్డుకునేవాళ్లెవరు? మందు కొడదామంటే ఆ మందు నీళ్లలోకే దిగుతుంది. ఆకులు కోసి పడేశాను. గుంట సగం బోడి తలలా ఉంది.

ఆమె వైపూ ఏం బాగా లేదు. గాలికి ఒక బారు మొత్తం వాలిపోయింది. ఎత్తి చూస్తే వేళ్లు జానెడు లోతే దిగాయి. ఆ కింద మురుగు ఎవరూ ముట్టుకోకుండా హాయిగా జారుకుంటోంది.

నాటి రెండు నెలలైంది. ముందు మూడు నెలలు కూడా లేవు.

మా ఆయన అన్నాడు, కనెక్షన్ పోతే పోతుంది, ఇల్లు మారదాం అని. ఇల్లు మారితే అక్క నర్సరీ ఏమవుతుందన్నది నాకు ఎందుకు తట్టాలి? తట్టింది.

జూన్ 17, బుధవారం

బాటిళ్లు మారిపోయినట్టున్నాయి. మధ్య పైపు శాంపిల్ కూడా ఊరికే పట్టుకెళ్లాను, అది 24 చూపించింది. అసాధ్యం. బాటిల్ సరిగ్గా కడగలేదేమో. తిట్టుకుంటూ మళ్లీ మొదలుపెట్టాను.

జూన్ 24, బుధవారం

తప్పు కాదు. 22.

ల్యాబ్ నుంచి బస్సు దిగి, సంచీ కూడా దించకుండా తిన్నగా గుంట దగ్గరికి వెళ్లాను. మధ్య ఇటుకల వరస ముందు గొంతుక్కూచున్నాను. మూడు నెలలుగా రోజూ చూస్తున్న చోటే. చూడనే లేదు.

ఇటుకలు సిమెంటు లేకుండా పేర్చినవి. ఆ సందుల్లోంచి నా జమ్ము అటు వెళ్లింది. ఆమె మెట్టతామర ఇటు వచ్చింది. వాటి మధ్య నేను నాటనివి, ఆమె నాటనివి. తుంగ. వస. రెండు వట్టివేరు దుబ్బులు. అక్కడ పేనుబంక లేదు. అక్కడ ఏదీ వాలలేదు. ఒక దుబ్బు పక్కన కంకర తవ్వి మోచేతి దాకా చెయ్యి పెట్టాను. పైన ఒక రకం వేళ్లు, వాటి కింద సన్నటి జుట్టులా ఇంకో రకం, అడుగున షీటు దాకా దిగిన వట్టివేరు. చేతికి ఖాళీ దొరకలేదు. నీళ్లు ఎటు నుంచి వచ్చినా ఏదో ఒక వేరు పట్టుకుంటుంది.

లేచాను. గోడ దగ్గరికి వెళ్లాను. గేటు చుట్టూ తిరిగి పోయేంత ఓపిక లేదు, ఎక్కేశాను. చీర ఇటుకకు పట్టుకుని చిరిగింది. అక్క నారుకు నీళ్లు పెడుతోంది. నన్ను గోడ మీద చూసి పైపు వదిలేసింది. నీళ్లు వాటి ఇష్టం వచ్చినట్టు పోతున్నాయి.

అక్కా, ఒకసారి వచ్చి చెయ్యి పెట్టు, అన్నాను.

రెండేళ్ల తర్వాత మొదటి మాట అదీ. ఏదో ఒకటి అంటుందనుకున్నాను. ఎక్కడ? అని మాత్రం అడిగింది.

వచ్చింది. మోకాళ్ల మీద కూచుని, గాజులు పైకి లాక్కుని, భుజం దాకా దించింది. కళ్లు మూసుకుంది. వేళ్లతోనే ఒక్కొక్కటీ గుర్తుపట్టి చెబుతోంది. ఇది నాది. ఇది నీది. ఇది మళ్లీ నాది. ఈ లోపలిది ఎవరిదే?

నాదే, అన్నారు వెనకాల నుంచి అత్తయ్య. పెద్దకోడలు నర్సరీలో అమ్ముడుపోనివి అవతల పారేస్తుంటే పాపం అనిపించింది, ఆ ఇటుకల మధ్య బోసిగా ఉంటే గుచ్చాను, ఏం, తప్పా?

అక్క చెయ్యి బయటకు తీసింది. భుజం దాకా నల్లగా ఉంది. అంకె ఎంత వచ్చింది? అని అడిగింది. నన్నే. తిన్నగా నా మొహం చూసి. 22 అన్నాను. ముప్పైకి లోపలే కదే, అంది. లోపలే అక్కా, అన్నాను.

తరవాత ఇద్దరం ఒకేసారి ఇటుకల మీద చెయ్యి వేశాం. బావగారు లారీ పెట్టి వచ్చేసరికి సగం ఇటుకల వరస లేదు.

జూన్ 28, ఆదివారం

పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా పోట్లాడుకున్నాం. గొంతులు బొంగురుపోయాయి. ఇంత హాయిగా ఎప్పుడూ పోట్లాడలేదు.

మురుగు లోపలికి వచ్చే చోట మెట్టతామర, జమ్ము ఉండాలని నేను. జమ్ము ఒక్కటే గుంపుగా పెడితే మళ్లీ పురుగు పడుతుంది, మూడు మొక్కలకు ఒక రకం మార్చాలని ఆమె. వట్టివేరు నడిమధ్యలో ఉండాలన్నాను. నడిమధ్యలోనే ఎందుకు, అంతటా చల్లు, దాని వేళ్లే కదా అడుగుదాకా పోయేది, అంది. ఆ మాట కరెక్టు. తుంగకు నీడ పడకూడదంది. ఆ మాట తప్పు, నీడలో ఉన్నదే బాగుందని చూపించాను. ఒప్పుకుంది, కాని మూతి ముడుచుకుని.

మధ్యాహ్నం అన్నం ఎవరింట్లో తిన్నామో గుర్తులేదు. బహుశా ఇద్దరిళ్లలోనూ.

జూలై 15, బుధవారం

అన్నీ కలిపి నాటాక మొదటి రిజల్ట్ 44. వేళ్లు పాతుకోవాలి కదా, ఓపిక పట్టు, అంది అక్క. నా భుజం మీద చెయ్యి వేసి.

ఆగస్టు 5, బుధవారం

19!

అక్క ల్యాబ్‌కే ఫోన్ చేసింది. అంకె చెప్పగానే అవతల ఏదో పగిలిన చప్పుడు. కుండీ జారిందట. పోతే పోనీ వెధవ కుండీ, అంది.

ఆగస్టు 10, సోమవారం

అయిపోయింది. అంతా అయిపోయింది.

తనిఖీ 24న. అతిథులొస్తుంటే ఇల్లు కడిగినట్టు అత్తయ్య ట్యాంక్ కడిగారు. బ్లీచింగ్ పౌడర్‌తో. బకెట్ నిండా కలిపి, రెండు మూతలూ తెరిచి పోశారట. వాసన అంతా పోయిందే, చూడు ఎంత తెల్లగా ఉందో, అని నాకే చూపించారు.

ఆ నీళ్లు గుంటలోకి దిగాయి. నాలుగు నెలలుగా కంకర మీద పెరిగిన, మురికిని తినే ప్రాణాలన్నీ ఒక్క పూటలో. అక్క వచ్చింది, చూసింది, ఆవిడ మొహం చూసింది. మా మొహాలు చూశాక అర్థమైంది అత్తయ్యకు. కుర్చీలో కూలబడి, నేను చంపేశానటే? అని ఒకటే మాట.

నాకు అరవాలని ఉంది. అక్క నా మోచెయ్యి పట్టుకుని నొక్కింది. తరవాత అత్తయ్య పక్కన కూచుని, పైన ఉన్నవి పోయాయేమో, కింద వేళ్లలోవి పోయుండవు అత్తయ్యా, మీరు నాటినవే లోతుగా ఉన్నాయి, అంది. ఆ మాటలో ఎంత నిజమో నాకు తెలియదు. ఆమెకూ తెలియదు. కాని విన్నాక నా బుర్ర మళ్లీ పనిచేయడం మొదలుపెట్టింది.

ట్యాంక్ నుంచి గుంటకు పోయే పైపు మూసేశాం. ట్యాంక్ నీళ్లు లారీలో తోడించాం. గుంటలో మంచినీళ్లు పారించి, వంపు పైపు కిందికి వంచి అవీ లారీలోకే తోడించాం. మళ్లీ నింపాం, మళ్లీ తోడించాం. వాగులోకి చుక్క పోనివ్వలేదు.

ఆగస్టు 11, మంగళవారం

సెలవు పెట్టాను. ఊరికి ఆ చివర జమ్ము పెరిగే చెరువు ఉంది. బావగారి లారీలో నేనూ అక్కా వెళ్లి, జమ్ము మొదళ్ల దగ్గర నల్లటి బురద డ్రమ్ముల్లోకి ఎత్తుకొచ్చాం. పాలకు తోడు వేసినట్టే కదా, అంది అక్క. సరిగ్గా అంతే. ఆ బురద నీళ్లలో కలిపి కంకర మీద అంతటా పోశాం. అత్తయ్య చెంబుతో పోశారు, ఒక్కో మొక్కకూ, ఒక్కో మాట చెప్పుకుంటూ. ఏం చెప్పారో అడగలేదు.

రెండిళ్లలోనూ నీళ్ల వాడకం సగానికి సగం తగ్గించమన్నాం. మగవాళ్లు వెల్డింగ్ షాపులో స్నానం చేస్తున్నారు.

ఆగస్టు 16, ఆదివారం

మెట్టతామర ఆకుల అంచులు ఎండాయి. జమ్ము పసుపు పచ్చబడింది. వట్టివేరు మాత్రం ఏమీ జరగనట్టు ఉంది. తుంగ కొత్త పిలక వేసింది. ఒకటే పిలక. అక్క దాన్ని రోజుకు నాలుగుసార్లు చూసి వస్తోంది.

అన్నీ జమ్మే అయ్యుంటే ఈపాటికి గుంట మొత్తం పోయేది. అన్నీ మెట్టతామరే అయినా అంతే.

ఆగస్టు 22, శనివారం

నేను పరీక్ష చేయలేదు. ధైర్యం చాలలేదు. కంకర తవ్వి ఒక రాయి తీసి వేలితో రుద్దాను. జిగురుగా ఉంది. మళ్లీ పట్టింది.

ఆగస్టు 24, సోమవారం, పొద్దున 11

ముక్కు వచ్చాడు. గేటు బయట ఆగి గాలి పీల్చాడు. తల ఊపబోయి ఆపాడు. మళ్లీ పీల్చాడు. లోపలికి వచ్చి ఇంకోసారి. ట్యాంక్ ఎక్కడండీ? అన్నాడు. మీరు నిలబడింది దాని మీదే, అంది అక్క.

గుంట చూశాడు. పూలు, జమ్ము కంకులు, తుంగ గొడుగులు. నీళ్లేవీ? అన్నాడు. కంకర కింద, అన్నాను. చివర పైపు దగ్గర తన బాటిల్, తన చేత్తో పట్టుకున్నాడు. వెలుతురుకు ఎత్తి చూశాడు. సీలు వేసి సంతకం చేసి వెళ్లిపోయాడు. పాసో ఫెయిలో ఆ ముఖంలో తెలియలేదు.

సాయంత్రం 4

ఆ బాటిల్ మా ల్యాబ్‌కే వచ్చింది. నువ్వు ఆ బెంచీ వైపు పోకూడదు, పక్క సెక్షన్ ఆమె చేస్తుంది, అన్నాడు మా బాస్. న్యాయమే. ఐదు రోజులు ఇంక్యుబేటర్‌లో. నా కుర్చీకి రెండు అడుగుల దూరంలో. దానికి గురక లాంటి శబ్దం ఒకటి ఉంది, లోపల మోటారు ఆగి మళ్లీ మొదలవుతుంటుంది. ఇన్నేళ్లలో ఎప్పుడూ వినలేదు.

ఆగస్టు 26, బుధవారం

మోటారు ఆగింది. కుర్చీలోంచి సగం లేచాను. మళ్లీ మొదలైంది.

ఆగస్టు 27, గురువారం

అక్క, నాకు నిద్ర లేదు, నీకు? అని అడిగింది. లేదన్నాను. ఇద్దరం కలిసి ఆమె నర్సరీలో కుండీలు మార్చాం. మార్చక్కర్లేనివి కూడా మార్చాం.

ఆగస్టు 29, శనివారం

పదకొండు.

పదకొండు, పదకొండు, పదకొండు.

ముప్పై ఉంటే చాలు, పదకొండు వచ్చింది! పక్క సెక్షన్ ఆమె రెండుసార్లు లెక్క చూసి, మా బాస్‌కు చూపించి, అప్పుడు నా వైపు తిరిగింది. నోటితో చెప్పకుండా రెండు చేతులూ పైకెత్తి వేళ్లన్నీ చాపి, మళ్లీ ఒక వేలు చూపించింది. నేను టేబుల్ మీదున్న స్టాండు పడదోసి లేచాను.

కిందికి పరిగెత్తాను. అక్క గేటు దగ్గరే ఉంది. పొద్దున్నుంచి నిలబడిందట, లోపలికి రానివ్వరేమో అని. నా చెప్పు ఒకటి మెట్ల మీదే ఉండిపోయింది. చెప్పకముందే ఆమెకు తెలిసిపోయింది. నన్ను నడుము పట్టి ఎత్తేసింది. నాకన్నా పొట్టి మనిషి! దించక్కా, రోడ్డు మీద, అంటుంటే, ఉండవే, ఎత్తనీ, పదకొండు ఎత్తులు ఎత్తుతాను, అంటోంది. వాచ్‌మన్ నోరు తెరిచి చూస్తున్నాడు. మా నీళ్లు పాసయ్యాయి, అని చెప్పింది అతనికి. అతనికి ఏం అర్థమైందో, చప్పట్లు కొట్టాడు.

ఇంటికి వెళ్లి చెప్పగానే బావగారు లారీ హారన్ మోగిస్తూ వీధి మొత్తం తిరిగారు. మా ఆయన తిరగకూడదంటూనే పక్కన ఎక్కి కూచున్నాడు. అత్తయ్యకు చెప్పాం. ఆవిడ ఏడవలేదు, నవ్వలేదు. గుంట దగ్గరికి వెళ్లి, ఆ తుంగ పిలక దగ్గర వంగి, బతికించావే తల్లీ, అన్నారు.

సెప్టెంబర్ 6, ఆదివారం

చివరి పైపు నుంచి నీళ్లు ఇప్పుడు వాగుకు పోవడం లేదు. మా ఆయన ఇంకో పైపు వెల్డ్ చేశాడు, పొడుగ్గా పోయి నర్సరీ పూలమొక్కల మొదట్లో పడుతుంది. ఏ నీళ్లకు అక్క నారు కుళ్లిందో ఆ నీళ్లే. ఆమె మొదటి చెంబు తనే పోసి, వెనక్కి తిరిగి, నీ స్నానాలు ఇంకొంచెం పెంచు, నాకు నీళ్లు చాలడం లేదు, అంది.

వీధిలో ఒక్కరూ తప్పకుండా అందరూ వచ్చి చూశారు. గొప్ప చెప్పుకోవడానికి సిగ్గెందుకు, చెప్పుకున్నాం. ఒక మాట నేను, ఒక మాట అక్క. ఆమె మాట నేను ఎత్తుకోవడం, నా మాట ఆమె పూర్తి చేయడం. అత్తయ్య కుర్చీలో కూచుని, ఇప్పుడు నాకు పని లేకుండా పోయిందిరా, అని కొడుకులతో అంటున్నారు.

సెప్టెంబర్ 14, సోమవారం

ముక్కు మళ్లీ వచ్చాడు. ఈసారి చేతిలో నోటీసు లేదు, వెనక ఒక మనిషి ఉంది. వీధి చివర ఆడపిల్లల హాస్టల్ వార్డెన్. నూట ఇరవై మంది పిల్లలు, వాళ్ల ట్యాంకూ వాగులోకే పోతోంది. హాస్టల్ మూసేయమని పైనుంచి ఒత్తిడి ఉందట. ముక్కు కాస్త ఇబ్బందిగా నిలబడి, మూసేయడం నాకిష్టం లేదండీ, మీలాంటిది అక్కడ పడుతుందా? ఎవరు కట్టారు ఇది? అని అడిగాడు.

నేను అక్క వైపు చూశాను. అక్క నా వైపు చూడనే లేదు. మేమిద్దరం, అంది వెంటనే. నీళ్లు ఇది చూస్తుంది, మొక్కలు నేను చూస్తాను, తిట్టుకోవడం ఇద్దరం చూసుకుంటాం.

వార్డెన్ ఎప్పుడు మొదలుపెడతారని అడిగింది. కంకర ఈ వారమే తోలిస్తారు మా ఆయన, అంది అక్క. బావగారికి ఆ సంగతి ఇంకా తెలియదు.

సెప్టెంబర్ 27, ఆదివారం

హాస్టల్ గుంట తవ్వడం మొదలైంది. పిల్లలు కిటికీల నిండా. మొదటి గునపం దిగగానే ఈలలు వేశారు. అక్క కొంగు నడుముకు దోపుకుని గుంటలోకి దిగింది. నేను ట్యూబు పట్టుకున్నాను. అవతల చివర ముక్కు పట్టుకున్నాడు, చొక్కా చేతులు మడిచి. మట్టం సరిపోయింది.

అక్టోబర్ 1, గురువారం

పొద్దున్నే లేచి చూస్తే మా గుంటలో మూడు చోట్ల కంకర పెళ్లగించి ఉంది. ఒక మెట్టతామర, ఒక తుంగ, ఒక వట్టివేరు. ఎవరో ఎత్తుకుపోయారు.

అక్కను పిలిచాను. వచ్చి చూసింది. మూడు రకాలూ తీసుకెళ్లారే! అని గట్టిగా నవ్వి, ఇంకో నాలుగు మొక్కలు వేళ్లతో సహా తీసి, తడిగుడ్డ చుట్టి, కావలసినవాళ్లు తీసుకెళ్లేలా వెనక సందు వైపు గోడ మీద పెట్టింది.